సెల్ఫ్ డ్రైవ్ కారు తిరిగిచ్చాక డ్యామేజీ కింద రూ.21,400 అడుగుతున్నారు. కట్టాలా?

మీ ప్రశ్న, మీరు పెట్టిన ఫొటోలు రెండూ చూశాను. నాకు అర్థమైనంత వరకు జరిగింది ఇదీ. గచ్చిబౌలిలో సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుని ఇంటిల్లిపాదీ శ్రీశైలం వెళ్లొచ్చారు. మూడో రోజు రాత్రి పదకొండింటికి యార్డులో తాళం ఇచ్చారు. అక్కడి కుర్రాడు ఫోన్ లైటు వేసుకుని ఒక చుట్టు తిరిగి "సరే సార్" అన్నాడు. రెండు రోజులాగి కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ముందు బంపర్ మార్చాలని 9,800, ఎడమ వెనుక డోరు సొట్టకు, పెయింటుకు 6,600, అలాయ్ వీల్ గీతకు 2,000, బండి రెండు రోజులు ఆగినందుకు 3,000. మొత్తం 21,400. మీ డిపాజిట్ 5,000 పట్టుకుని మిగతా 16,400 వారంలో కట్టాలనీ, లేకపోతే పోలీసు కంప్లయింట్ ఇస్తామనీ, సిబిల్ దెబ్బతింటుందనీ రాశారు. మీరు నిజాయితీగా ఒక మాట ఒప్పుకున్నారు: పార్కింగ్‌లో బంపర్ కింది అంచు రాయికి రాసుకుంది. డోరు సంగతి మాత్రం తెలియదన్నారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా మోటారు ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా పనిచేస్తున్నాను. షెడ్లకూ సర్వీస్ సెంటర్లకూ వెళ్లి దెబ్బతిన్న బండి చూసి, ఏ దెబ్బ ఆ ప్రమాదంలోది, ఏది పాతది, ఎంత ఖర్చు న్యాయం అని రాసివ్వడం నా పని. లాయర్ని కాను. చట్టం గురించి కింద చెప్పేది ఈ పనిలో అవసరపడి నేర్చుకున్నంత.

ముందు జవాబు చెప్పేస్తాను. 21,400 కట్టొద్దు. అలాగని మెయిల్‌కు జవాబివ్వకుండా కూర్చోవద్దు. బంపర్ అంచుకు రిపేరు ఖర్చు ఎంతయితే అంత కడతానని మీరే రాయండి. మిగతా మూడింటికి ఆధారాలు అడగండి. మీది కానిదాన్ని కాదని గట్టిగా చెప్పాలంటే మీదైనదాన్ని ముందే ఒప్పుకోవాలి. అన్నీ కాదనేవాడి మాట వినియోగదారుల కమిషన్‌లోనూ నిలవదు, కస్టమర్ కేర్‌లోనూ నిలవదు.

ఇక డోరు. వాళ్లు పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను. సొట్ట మధ్యలో గీత పడి రేకు బయటపడింది. ఆ గీత అంచుల్లో ముదురు గోధుమ రంగు తుప్పు కనిపిస్తోంది, పక్కనే పెయింటు చిన్నగా ఉబ్బి లేచింది. డోరు రేకు ఇనుముది. కొత్తగా రేకు బయటపడితే ఒకటి రెండు రోజుల్లో పట్టేది పలచని నారింజ రంగు పొడి, వేలితో తుడిస్తే వస్తుంది. తుప్పు ముదిరి పెయింటు అడుగుకు పాకి పొర ఉబ్బాలంటే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మీరు కారు ఉంచుకున్నది మూడు రోజులు. దగ్గరికెళ్లి చేత్తో తడిమి చూడకుండా నేను సర్టిఫికెట్ రాయలేను గానీ, ఈ ఫొటో మీకే పనికొచ్చే సాక్ష్యం. దాన్ని వాళ్లే పంపారు, మెయిల్ జాగ్రత్తగా దాచండి.

గీతకు వయసుంటుంది. ఎవరూ చూడరు గానీ చూస్తే తెలుస్తుంది. గీతలో తెల్లగా పాలిష్ మరక గట్టిపడి ఉంటే, ఆ పాలిష్ పట్టించక ముందే గీత పడింది. గీతలో మట్టి ఇంకి నల్లబడి, తడిగుడ్డతో తుడిచినా పోకపోతే కొత్తది కాదు. గోరు పెట్టి అడ్డంగా లాగితే తగలకుండా జారిపోయిందంటే దెబ్బ పెయింటు మీదుండే క్లియర్ కోటు, అంటే రంగులేని పై పొర వరకే. దానికి రబ్బింగ్ కాంపౌండ్, ఓ గంట పని చాలు, డోరంతా పెయింటు కొట్టనక్కర్లేదు. గోరు తట్టుకుంటేనే పెయింటింగ్ మాట రావాలి. బంపర్ ప్లాస్టిక్‌ది కాబట్టి తుప్పు పట్టదు, అక్కడ వయసు చెప్పడం కష్టం. రాసుకున్న చోట అవతలి వస్తువు రంగు అంటిందా, సిమెంటు పొడి ఉందా అని చూసి చెప్పాల్సిందే.

బంపర్ దగ్గరే వాళ్లు ఎక్కువ అడిగారని నా అభిప్రాయం. కింది అంచు గీసుకుపోయినంత మాత్రాన బంపర్ మార్చరు. పగిలితేనో, పక్కల క్లిప్పులు పట్టుకునే లాకులు విరిగితేనో మారుస్తారు. మీ ఫొటోలో పగులు లేదు, ఫెండర్‌తో కలిసే సందు సమానంగానే ఉంది. అది పెయింటు పని. మామూలు చిన్న కారుకు ఒక ప్యానెల్ (డోరో బంపరో, అలాంటి ఒక భాగం) పెయింటింగ్ కంపెనీ సర్వీస్ సెంటర్లో నేను చూసే బిల్లుల్లో సుమారు నాలుగు నుంచి ఆరు వేల మధ్య ఉంటుంది, బయటి షెడ్డులో ఇంకా తక్కువ. నిజంగా మార్చామంటే పాత బంపర్ చూపించమనండి. మా పనిలో మార్చిన పాత సామాను కంటితో చూడనిదే బిల్లు పాస్ చేయం. మీరూ అదే అడగొచ్చు, తప్పేం లేదు.

"మా రేటు కార్డులో ఉంది, బిల్లు చూపించనక్కర్లేదు" అన్నారని రాశారు. ఈ మాటకు చాలామంది లొంగిపోతారు. కాంట్రాక్టు చట్టం 1872లో 74వ సెక్షన్ చదవండి. ఒప్పందంలో ముందే ఒక మొత్తం రాసుకున్నా, నష్టపోయినవారికి దక్కేది సమంజసమైన పరిహారం మాత్రమే. రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ పరిమితి, అంతేగానీ ఆటోమేటిక్‌గా వచ్చేసే సొమ్ము కాదు. 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్, ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ కింద నష్టం జరగడమే మొదటి షరతు అని స్పష్టం చేసింది. కాబట్టి రేటు కార్డులో 9,800 ఉన్నా రిపేరుకు 4,500 అయితే మీరు మాట్లాడాల్సింది 4,500 గురించి. అసలు రిపేరే చేయించకుండా అదే కారును మర్నాడు వేరొకరికి ఇచ్చి ఉంటే, నష్టం ఎంతో వాళ్లే చెప్పాలి.

ఆ చివరి మాట ఊరికే అనలేదు. కొన్నేళ్ల కిందట ఓ ప్రమాదం క్లెయిమ్ కోసం అద్దె కారు ఒకటి చూడటానికి వెళ్లాను. వెనుక బంపర్ మూలన ఒక పాత పగులు ఉంది. దాన్ని నా లెక్కలోంచి తీసేయాలి గనక పాత కాగితాలు అడిగాను. అదే పగులుకు అంతకుముందు ముగ్గురు కస్టమర్ల డిపాజిట్లలో కోత పడింది. బంపర్ మాత్రం మారలేదు. ఆ ముగ్గురూ చిన్న మొత్తమే కదా అని వదిలేసినవాళ్లే అయి ఉంటారు. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా బిల్లు చూపించమనే చెబుతున్నాను.

"బండి రెండు రోజులు ఆగింది" అన్న 3,000కు కూడా ఇదే. కారు షెడ్డులోకి ఏ తేదీన వెళ్లింది, ఏ తేదీన వచ్చింది అన్నది షెడ్డువాళ్లు రాసే జాబ్ కార్డు మీద ఉంటుంది. అది పంపమనండి. మీ స్నేహితుల్లో ఎవరి ఫోన్లోనైనా యాప్ తెరిచి చూడండి. ఆ రెండు రోజులకు అదే కారు బుకింగ్‌కు చూపిస్తుంటే స్క్రీన్‌షాట్ తీసి తేదీ, టైము కనబడేలా దాచుకోండి.

ఇంకొకటి చాలామంది అడగని ప్రశ్న: ఈ దెబ్బలకు ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టారా? మన దేశంలో సొంత డ్యామేజీ క్లెయిముకు ఆ సమయంలో బండి నడిపినవారి వివరాలు, లైసెన్సు కాపీ కావాలి. మీ లైసెన్సు కాపీ మళ్లీ అడిగారా, క్లెయిమ్ ఫారం మీద సంతకం అడిగారా గుర్తు చేసుకోండి. అడిగి ఉంటే డబ్బు రెండు వైపులా వసూలు చేస్తున్నారేమో తేలాలి. క్లెయిమ్ నిజంగా సెటిలైతే ఓనరుకు చేతి నుంచి పడేది కొంతే: పాలసీ ప్రకారం తప్పనిసరిగా భరించాల్సిన కొంత మొత్తం. తరుగు కోయని జీరో డిప్రిసియేషన్ పాలసీ లేకపోతే ప్లాస్టిక్ భాగాల మీద 50 శాతం తరుగు, పెయింటు పనిలో మెటీరియల్ మీద 50 శాతం తరుగు. క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు పోతుంది గనక చిన్న దెబ్బలకు ఓనర్లు అసలు పెట్టరు, అది వాళ్ల న్యాయమైన హక్కే. పెట్టారో లేదో మీకు చెప్పడం మాత్రం వాళ్ల బాధ్యత.

మీ కారు నంబరు ప్లేటు ఏ రంగు? సెల్ఫ్ డ్రైవ్ అద్దెకు రిజిస్టరైన బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది ఎవరిదో సొంత కారు, యాప్ ద్వారా అద్దెకు తిప్పుతున్నారు. సొంత కారు పాలసీలో కిరాయికి వాడకూడదన్న షరతు ఉంటుంది. అలాంటి బండికి దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తిరస్కరించే వీలుంది, అప్పుడు ఆ బరువంతా మీ నెత్తిన పెట్టాలని చూస్తారు. ఇప్పుడు మీది చిన్న గొడవ. అదే పెద్ద యాక్సిడెంటయి, ఎదుటివాడికి దెబ్బలు తగిలి ఉంటే ఈ ప్లేటు రంగు మీ బతుకునే తలకిందులు చేసేది. దయచేసి తెల్ల ప్లేటు కారు అద్దెకు తీసుకోకండి.

బెదిరింపుల సంగతి. సిబిల్‌కు సమాచారం పంపగలిగేది బ్యాంకులూ ఎన్‌బీఎఫ్‌సీల వంటి రుణ సంస్థలు. కారు అద్దెకిచ్చే కంపెనీ డ్యామేజీ బాకీని మీ సిబిల్‌లో ఎక్కించలేదు. ఒక్క జాగ్రత్త: బుకింగప్పుడు 'తర్వాత చెల్లించు' అని ఏదైనా అప్పు సౌకర్యం వాడుకుని ఉంటే దాని వెనుక ఎన్‌బీఎఫ్‌సీ ఉంటుంది, ఆ వాయిదా మాత్రం ఆపొద్దు. పోలీసు కంప్లయింటంటారా, కారు తిరిగిచ్చేశారు, తాళం ఇచ్చారు, ఎవరికీ గాయం కాలేదు. మిగిలింది డబ్బు లెక్క, అది సివిల్ వ్యవహారం. ఫోన్లో ఎవరైనా గట్టిగా మాట్లాడితే "మెయిల్లో రాయండి" అని పెట్టేయండి. మీ ఓటీపీ లేకుండా మీ కార్డు నుంచి మిగతా 16,400 లాగడం ఇక్కడ అంత తేలిక కాదు. అందుకే ఇంతగా ఒత్తిడి పెడుతున్నారు. ఆ కంగారులో ఎవరు లింకు పంపినా నొక్కి ఓటీపీ కొట్టకండి.

మీవైపు ఉన్న లోటు కూడా చెప్పాలి, దాచను. కారు తీసుకునేటప్పుడు 'కండిషన్ బాగుంది' అని ఓటీపీ ఇచ్చారు. ఆరు ఫొటోలే తీశారు, అందులో ఎడమ వెనుక డోరు సగమే పడింది, చక్రాలు పడలేదు. ఇది వాళ్లకు బలం. అయినా ఇక్కడితో అయిపోలేదు. ప్రయాణంలో ఇంట్లోవాళ్లు తీసిన ఫొటోలన్నీ వెతకండి. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర టీ తాగుతూ తీసుకున్నదో, డ్యామ్ దగ్గర పిల్లలను కారుకు ఆనించి తీసినదో ఒకటి ఉంటుంది. అందులో డోరు సొట్ట మొదటి రోజు ఉదయమే కనబడితే సగం పని అయిపోయినట్టే. ఫొటో తీసిన ఫోన్లోని అసలు ఫైల్ ఉంచండి. వాట్సాప్‌లో మామూలుగా ఫొటోగా పంపితే తీసిన తేదీ, చోటు వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపాలి, లేదా మెయిల్లో జత చేయాలి.

వాళ్లవైపూ పెద్ద లోటుంది. తాళం ఇచ్చినప్పుడు చూసి సరే అన్నారు. దెబ్బలు చెప్పింది రెండు రోజుల తర్వాత. ఈ మధ్యలో కారు ఎక్కడుంది, ఎవరు కదిపారు, ఎవరు కడిగారు? యార్డు సీసీ కెమెరా ఫుటేజీ, మీకు కారు ఇచ్చే ముందు వాళ్లు తీసిన ఫొటోలు, మీకంటే ముందు కస్టమర్ తిరిగిచ్చినప్పటి ఫొటోలు పంపమని రాయండి. ఆఖరిది తప్పకుండా అడగండి. డోరు మీద సొట్ట ఆ ఫొటోల్లో ఉంటే మీ మీద పెట్టడానికి ఏమీ మిగలదు. సీసీ ఫుటేజీ కొన్నాళ్లకు చెరిగిపోతుంది, అందుకే 'భద్రపరచండి' అని ఈరోజే మెయిల్లో రాయాలి.

అన్నట్టు, రెండు రోజుల తర్వాత దెబ్బ కనిపించిందనేది ప్రతిసారీ మోసం కాదు. తడిసిన కారు మీద, దుమ్ము పట్టిన కారు మీద సన్నని గీతలు కనబడవు. కడిగి ఎండలో పెడితే బయటపడతాయి. అలాంటి యార్డుల్లో రాత్రి డ్యూటీ చేసే కుర్రాళ్లతో మాట్లాడాను. గీత వదిలేస్తే వాళ్ల జీతంలో పడుతుందని భయపడుతూ చెక్ చేస్తారు. అతని మీద కోపం తెచ్చుకోవద్దు, మెయిల్లో అతని పేరు ఎత్తి నిందించొద్దు. మీ తగాదా కంపెనీతో.

మెయిల్ ఇలా ఉండనివ్వండి: "ముందు బంపర్ కింది అంచు నా వాడకంలో రాసుకుంది. దాని రిపేరుకు అయిన అసలు ఖర్చు, జీఎస్టీ బిల్లు చూపితే చెల్లిస్తాను. ఎడమ వెనుక డోరు, అలాయ్ వీల్ దెబ్బలు నావి కావు. మీరు పంపిన డోరు ఫొటోలోనే పాత తుప్పు కనిపిస్తోంది. నాకు ఇచ్చే ముందు ఫొటోలు, నా ముందు కస్టమర్ తిరిగిచ్చినప్పటి ఫొటోలు, జాబ్ కార్డు, రిపేరు బిల్లు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ వివరాలు 7 రోజుల్లో పంపండి. యార్డు సీసీ ఫుటేజీ భద్రపరచండి. బంపర్ ఖర్చు పోను మిగతా డిపాజిట్ వెనక్కివ్వండి." ఇంతే. తిట్లు వద్దు, కథ వద్దు.

అలాయ్ గీత మీద నాకు పట్టుదల లేదు. ఫుట్‌పాత్ అంచుకు రాసుకునే గీత అది, మీకు తెలియకుండా జరిగి ఉండొచ్చు. ఇచ్చేటప్పటి ఫొటోల్లో చక్రం శుభ్రంగా ఉందని వాళ్లు చూపిస్తే, బిల్లు ప్రకారం కట్టేయండి.

ఏడు రోజుల్లో సరైన జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనూ మాట్లాడతారు. అది కోర్టు కాదు, తీర్పు ఇవ్వదు. మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతుంది. ఇంతటి చిన్న మొత్తాలు చాలావరకు ఇక్కడే తెగిపోవడం నేను చూశాను. తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు నివసించే చోటో ఉద్యోగం చేసే చోటో కేసు వేయొచ్చు. కారు హైదరాబాద్‌లో తీసుకున్నా మీ ఇల్లు ఖమ్మంలో ఉంటే ఖమ్మంలోనే వేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ఒప్పందంలో 'వివాదాలన్నీ ఆర్బిట్రేషన్‌కే (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకే), అదీ బెంగళూరులోనే' అని ఉందని భయపడొద్దు. ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నా వినియోగదారుల ఫోరానికి వెళ్లే హక్కు పోదని 2018లో ఎమార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కమిషన్‌లో సేవా లోపం, డిపాజిట్ అన్యాయంగా పట్టుకోవడం అని రాయండి. 'ఒప్పందమే అన్యాయం' అన్న వాదన మాత్రం జిల్లా కమిషన్ పరిధిలోది కాదు, దానికి రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. మీకు అంత దూరం అవసరం లేదు.

ఇంకోసారి కారు తీసుకునేటప్పుడు పగటిపూట తీసుకుని పగటిపూటే ఇవ్వండి. నాలుగు నిమిషాల వీడియో ఒక్కటే తీయండి, మధ్యలో ఆపకుండా. స్టీరింగ్ ముందు కూర్చుని కిలోమీటర్ల రీడింగుతో మొదలుపెట్టి, దిగి ఒకే దిశలో చుట్టూ తిరగండి. ప్రతి డోరు దగ్గర కెమెరాను వాల్చి పక్కనుంచి పట్టండి, సొట్టలు ఎదురుగా చూస్తే కనబడవు. నాలుగు చక్రాలు, రెండు బంపర్ల కింది అంచులు, డోర్ల కింది రన్నింగ్ బోర్డు, ముందు అద్దం, టాపు, స్టెప్నీ అన్నీ రావాలి. కారు తడిగా ఉంటే తుడిపించాకే తీయండి. తిరిగిచ్చేటప్పుడు కూడా అలాగే, యార్డు మనిషి కనబడేలా, "ఏమైనా ఉన్నాయా అండీ" అని అడిగిన మాట వినబడేలా తీయండి. నాలుగేళ్ల కిందట రాజమండ్రిలో చెల్లెలి పెళ్లికి అద్దె కారు తీసుకున్నప్పుడు పెళ్లి హడావుడిలో ఈ వీడియో తీయలేదు. తిరిగిచ్చాక నాది కాని గీతకు 4,200 కట్టాను. రుజువు చూపడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది కాబట్టే ఇంత పొడుగున రాస్తున్నాను.

ఈ రాత్రికే మెయిల్ పంపండి. బంపర్ బిల్లు వచ్చాక నంబర్లు, పేర్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి. లేబర్ ఎంత వేశారు, పెయింటు ఎంత వేశారు చూసి, ఎంతవరకు కట్టడం న్యాయమో చెబుతాను.